విండోస్ 98 సిస్టమ్ నుంచి పేజ్‌మేకర్ ఫైళ్లు: కేబుళ్ల జోలికి పోకండి, డిస్క్ విప్పండి

అడిగినది క్లుప్తంగా: “దేవరకొండలో మా నాయన 1999 నుంచి డీటీపీ (సిస్టమ్‌లో అచ్చు పేజీలు కూర్చే పని) సెంటర్ నడిపారు. ఆయన పోయి రెండేళ్లయింది. ఆయన వాడిన సిస్టమ్‌లో విండోస్ 98 ఉంది. పేజీలు కూర్చే ప్రోగ్రామ్ పేజ్‌మేకర్‌లో ఆయన కంపోజ్ చేసిన మా ఊరి చరిత్ర పుస్తకం, బడి సావనీర్లు అందులోనే ఉన్నాయి. పెన్‌డ్రైవ్ పెడితే డ్రైవర్ అడుగుతోంది. సీడీ రైటర్ లేదు. నా ల్యాప్‌టాప్ విండోస్ 11. ఓ అట్టపెట్టె నిండా ఫ్లాపీలు కూడా ఉన్నాయి. ఇద్దరికి చూపిస్తే పాత సామాన్లకు వేసెయ్యమన్నారు. పుస్తకాన్ని మళ్లీ అచ్చు వేయించాలని ఉంది. ఏం చేయాలి?”

వేసెయ్యకండి. ఇంకోసారి ఆన్ కూడా చేయకండి. పెన్‌డ్రైవ్‌కు డ్రైవర్ అడిగేదాకా వచ్చిందంటే డిస్క్ బతికే ఉంది, మనకు అంతవరకు తెలిస్తే చాలు. పాతికేళ్ల నాటి ఎస్ఎంపీఎస్‌ను (సిస్టమ్‌కు కరెంటు మార్చి ఇచ్చే పెట్టె), వేసవిలో ఎప్పుడు ఎంత వస్తుందో తెలియని కరెంటును నమ్ముకుని ఆ డబ్బాతో ప్రయోగాలు చేయొద్దు.

నేను నల్గొండ ప్రకాశం బజార్‌లో 1996లో డీటీపీ ఆపరేటర్‌గా మొదలుపెట్టి, తర్వాత సిస్టమ్‌ల రిపేరులోకి వచ్చినవాణ్ని. మీలాంటి వాళ్లు నెలకొకరైనా వస్తారు. అందరూ అడిగేది ఒకటే, “రెండు సిస్టమ్‌లకు మధ్యలో ఏ కేబుల్ వేయాలి?” అని. నా జవాబు కూడా ఒకటే. కేబుల్ వద్దు, డిస్క్‌ను విప్పి తీసుకురండి.

ఈ బుద్ధి నాకు తేలిగ్గా రాలేదు. 1998లో ఒక సావనీర్ పని. స్కాన్ చేసిన ఫొటోలతో కలిపి ముప్పై ఎంబీ దాటింది. అచ్చు ప్లేటుకు ఫిల్మ్ తీయించాలంటే హైదరాబాద్ పోవాలి. మా దగ్గర ఉన్నది ఫ్లాపీ ఒక్కటే, దాంట్లో పట్టేది 1.44 ఎంబీ. ఏఆర్‌జే అనే ఫైళ్లు కుదించే ప్రోగ్రామ్‌తో ముక్కలు చేసి ఇరవై రెండు ఫ్లాపీల్లో ఎక్కించి, వరుస నంబర్లు రాసి, రబ్బరు బ్యాండు వేసి పొద్దున బస్సెక్కాను. అక్కడ పద్దెనిమిది ఫ్లాపీలు బాగానే దిగాయి. పంతొమ్మిదోది గర్ గర్ మని రెండుసార్లు తిరిగి సీఆర్‌సీ ఎర్రర్ (చదివినది రాసినదానితో కలవడం లేదని) చూపించింది. ముక్కల్లో ఒకటి పోతే, పెద్ద ఫైలు ఆ ముక్క మీదుగా పరుచుకుని ఉంటే అది పోయినట్టే. ఆ ఒక్క ఫ్లాపీ కోసం వంద కిలోమీటర్లు వెనక్కి వచ్చాను. తమాషా ఏమిటంటే అదే ఫ్లాపీ మా షాపు డ్రైవ్‌లో శుభ్రంగా చదివింది. డ్రైవ్ హెడ్ (చదివే, రాసే భాగం) కొంచెం పక్కకు జరిగితే అది రాసినది దానికే అర్థమవుతుంది, ఇంకో డ్రైవ్‌కు కాదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మీ అట్టపెట్టె దగ్గర మళ్లీ పనికొస్తుంది.

ఆ తర్వాత నుంచి మా ఓనర్ ఫ్లాపీలు మానేసి, హార్డ్ డిస్క్‌నే విప్పి తువ్వాలలో చుట్టి నా చేతికిచ్చి పంపేవాడు. బస్సులో ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాణ్ని, కిటికీ పక్క సీటు దొరికినా కునుకు తీసేవాణ్ని కాదు. అక్కడ వాళ్ల సిస్టమ్‌కు రెండో డిస్క్‌గా తగిలిస్తే పావుగంటలో పని అయిపోయేది. ఇప్పుడు మీరు చేయాల్సిందీ అదే. ఇప్పటికి అడాప్టర్లు వచ్చాయి కాబట్టి ఇంకా తేలిక.

కొనాల్సింది ఐడీఈ డిస్క్‌ను (వెడల్పాటి పట్టీతో తగిలించే ఆ కాలపు రకం) యూఎస్‌బీకి కలిపే అడాప్టర్. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అడగండి, లేదా ఆన్‌లైన్‌లో తెప్పించండి. పెద్ద ఖరీదేం కాదు. ఒక్కటి మాత్రం చూసి కొనండి: దాంతోపాటు గోడ ప్లగ్గుకు పెట్టే విడి పవర్ అడాప్టర్ రావాలి. డెస్క్‌టాప్ డిస్క్ మోటారుకు 12 వోల్టులు కావాలి, యూఎస్‌బీ ఇచ్చేది 5 వోల్టులే. పవర్ లేని రకం చవగ్గా వస్తోందని కొంటే డిస్క్ తిరగదు, మీరేమో డిస్క్ పోయిందనుకుంటారు.

ఇక విప్పడం. కరెంటు తీగ పీకేసి సీపీయూ పక్క మూత తీయండి. దుమ్ము గడ్డకట్టి ఉంటుంది, పెయింట్ బ్రష్‌తో నెమ్మదిగా దులపండి. డిస్క్ వెనక రెండు కనెక్టర్లు ఉంటాయి. ఒకటి పసుపు, ఎరుపు, రెండు నలుపు తీగలతో ఉన్న తెల్ల పవర్ కనెక్టర్. ఇది ఏళ్ల తరబడి బిగిసిపోయి ఉంటుంది, ఒక్కసారిగా లాగితే చెయ్యి వెళ్లి ఇనుప అంచుకు కోసుకుంటుంది. నా బొటనవేలి మీద ఇప్పటికీ ఆ గాటు ఉంది. రెండు చివరలా పట్టుకుని అటూ ఇటూ కదుపుతూ తీయండి. రెండోది వెడల్పాటి బూడిదరంగు పట్టీ. దాని ఒక అంచున ఎర్ర గీత ఉంటుంది, అది ఒకటో పిన్ వైపు. తీసే ముందు ఫోన్‌తో ఫొటో తీసుకోండి. పట్టీ తీశాక 40 పిన్నుల వరుసల మధ్యలో ఒక పిన్ లేనట్టు కనిపిస్తే విరిగిందని టెన్షన్ పడకండి. కనెక్టర్ తిరగేసి పెట్టకుండా కంపెనీవాళ్లే ఆ ఇరవయ్యో పిన్‌ను తీసేస్తారు.

రెండు కనెక్టర్ల మధ్యలో చిన్న చిన్న పిన్నులు, వాటి మీద గోరంత జంపర్ (రెండు పిన్నులను కలిపే తొడుగు) ఉంటాయి. డిస్క్ లేబుల్ మీద మాస్టర్, స్లేవ్ బొమ్మలు వేసి ఉంటాయి. జంపర్‌ను మాస్టర్ స్థానంలో పెట్టండి. అడాప్టర్ తగిలించినా ల్యాప్‌టాప్‌లో డిస్క్ కనిపించడం లేదని నా దగ్గరికి వచ్చిన కేసుల్లో ఎక్కువ భాగం ఈ జంపర్ దగ్గరే తేలిపోయాయి.

డిస్క్‌ను బల్ల మీద మెత్తటి పొడి గుడ్డపై కదలకుండా పెట్టి, ముందు పవర్ ఇచ్చి, వినండి. ఒకే స్థాయిలో ఝుమ్మని తిరిగితే మంచిది. టక్, టక్, టక్ అని ఒకే లయలో కొట్టుకుంటుంటే వెంటనే ఆపేయండి, ఇంకోసారి ప్రయత్నించొద్దు. ఫ్రిజ్‌లో పెడితే వస్తుందని చెప్పేవాళ్లు ఉంటారు, వినొద్దు. అది డేటా రికవరీ వాళ్ల పని, ప్రతి అదనపు ప్రయత్నం వాళ్ల పనిని ఇంకా కష్టం చేస్తుంది.

బాగా తిరుగుతుంటే యూఎస్‌బీ పెట్టండి. విండోస్ 98 డిస్క్‌లు ఫ్యాట్16 లేదా ఫ్యాట్32 అనే ఫైళ్ల అమరికలో ఉంటాయి, మీ విండోస్ 11 రెంటినీ చదువుతుంది. “స్కాన్ చేసి సరిచేయమంటారా” అని అడిగితే వద్దనండి. ఫార్మాట్ కొట్టమంటారా అని అడిగినా వద్దనండి, ఏదీ నొక్కకుండా తీసేసి నన్నడగండి. ఆ కాలపు డిస్క్ అంటే నాలుగు జీబీయో, పది జీబీయో ఉంటుంది. కాబట్టి ఏరుకుంటూ కూర్చోకుండా ముందు మొత్తం డిస్క్‌కు ఇమేజ్ (అంతా ఒకే ఫైలుగా నకలు) తీసుకోండి. లైనక్స్ అలవాటుంటే డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్ వాడండి, చదవలేని చోటును దాటేసి మిగతాది తీసుకుని, చివర్లో మళ్లీ ఆ చోటుకు వస్తుంది. ఆ తర్వాత ఫైళ్లుగా కూడా అంతా కాపీ చేయండి.

అంతా అంటే అంతా. “మై డాక్యుమెంట్స్” ఫోల్డర్ ఒక్కటి తీసుకుని డిస్క్‌ను పాత సామాన్లవాడికి ఇచ్చేసి, ఆరు నెలల తర్వాత నా దగ్గరికి వచ్చి తలపట్టుకున్నవాళ్లున్నారు. ఆ రోజుల్లో డీటీపీవాళ్లం మై డాక్యుమెంట్స్‌లో ఏదీ పెట్టేవాళ్లం కాదు. డీ డ్రైవ్‌లో కస్టమర్ పేరుతో ఒకటి, “కొత్త”, “కొత్త 2”, “ఫైనల్”, “అసలు ఫైనల్” అని ఇంకో నాలుగు. పుస్తకం ఏ “ఫైనల్”లో ఉందో మీ నాన్నగారికే తెలుసు. ముఖ్యంగా విండోస్ ఫోల్డర్ లోపలి ఫాంట్స్ ఫోల్డర్, సీ డ్రైవ్‌లో పీఎస్‌ఫాంట్స్ అనే ఫోల్డర్ ఉంటే అదీ, తెలుగు టైపింగ్ ప్యాకేజీ ఫోల్డర్, ఇవి తప్పనిసరి. ఎందుకో కింద చెబుతాను.

కాపీ మధ్యలో మీ యాంటీవైరస్ అరుస్తుంది. ఆ కాలపు డీటీపీ సెంటర్ అంటే వైరస్‌ల సంత, ఊళ్లో ప్రతి ఫ్లాపీ మా డ్రైవ్‌లోకి వచ్చిపోయేది. 1999 ఏప్రిల్ 26న చెర్నోబిల్ వైరస్ ఎన్ని సిస్టమ్‌లను పడుకోబెట్టిందో అప్పట్లో పనిచేసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. దొరికిన ప్రోగ్రామ్ ఫైళ్లను తీసేస్తే తీసేయనివ్వండి. కానీ మ్యాక్రో వైరస్ (వర్డ్ ఫైళ్లలో దాక్కునే రకం) ఉందని వర్డ్ ఫైలునే మాయం చేస్తుంది కొన్నిసార్లు. అందుకే ఇమేజ్‌ను ముందు తీసుకోమన్నాను.

మరి కేబుల్ దారులు అసలు పనిచేయవా అంటే, పనిచేస్తాయి. డిస్క్ విప్పలేని పరిస్థితిలో నేనే వాడాను. విండోస్ 98 రెండో ఎడిషన్‌కు బయటివాళ్లు తయారుచేసిన పెన్‌డ్రైవ్ డ్రైవర్లు ఉన్నాయి. కానీ అవి వేయాలంటే మీరు కాపాడుకోవాల్సిన డిస్క్ మీదే రాయాలి. నెట్‌వర్క్ కార్డు ఉంటే ఫోల్డర్ షేర్ చేయొచ్చు కదా అంటారు. పాత విండోస్ మాట్లాడే ఎస్ఎంబీ (నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే భాష) మొదటి వెర్షన్‌ను కొత్త విండోస్ తనంతట తాను మాట్లాడదు. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగిన వాన్నాక్రై దాడి ఆ పాత వెర్షన్‌లోని లోపం మీదుగానే జరిగింది, అదే ఏడాది విండోస్ 10 నుంచి దాన్ని పక్కన పెట్టేశారు. మళ్లీ ఆన్ చేయొచ్చు గానీ నేనైతే చేయను. దానికన్నా కొత్త సిస్టమ్‌లో ఎఫ్‌టీపీ (ఫైళ్లు పంపే పాత పద్ధతి) సర్వర్ పెట్టి, 98లో ఉన్న ఎఫ్‌టీపీ కమాండ్‌తో పంపడం మేలు. పంపే ముందు బైనరీ అని కొట్టడం మాత్రం మరిచిపోవద్దు. ఒకసారి లైనక్స్ సర్వర్‌కు పంపుతూ నేను మరిచిపోయాను. టెక్స్ట్ మోడ్‌లో అది 13, 10 అనే రెండు బైట్ల జత కనిపించిన ప్రతిచోటా లైను మారిందనుకుని 13ను తీసేసింది. ఫైళ్లన్నీ చేరాయి, సైజు చూస్తే ఒక్కోదానికి కొన్ని వందల బైట్లు తక్కువ. పేజ్‌మేకర్ ఒక్కదాన్నీ తెరవలేదు.

సీరియల్ పోర్టు కేబుల్ లెక్క కూడా చెబుతాను, ఆశ పెట్టుకోకుండా. సెకనుకు 1,15,200 బిట్ల వేగం పెట్టినా, బైటుకు పది బిట్లు పోతాయి కాబట్టి చేరేది సుమారు 11 కేబీ. 600 ఎంబీ పంపాలంటే పదిహేను గంటలు పడుతుంది. ఒకప్పుడు మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు లెక్కల సిస్టమ్‌కు మాత్రం ఇలాంటి దారే గతి అయింది. డాస్ (విండోస్‌కు ముందు నుంచీ ఉన్న వ్యవస్థ) మీద ఫాక్స్‌ప్రో డేటాబేస్, సీడీ లేదు, నెట్‌వర్క్ లేదు, ఫ్లాపీ డ్రైవ్ ఎప్పుడో పోయింది, డబ్బా మూత విప్పడానికి సేటు ఒప్పుకోలేదు. కోఠి గుజరాతీ గల్లీలో ప్లగ్గులు కొని, ప్రింటర్ పోర్టుకు పెట్టే కేబుల్‌ను నేనే టంకం వేసి చేశాను. డాస్ 6లో ఇంటర్‌లింక్, ఇంటర్‌సర్వర్ అని రెండు ప్రోగ్రామ్‌లు వచ్చేవి, వాటితో అవతలి సిస్టమ్ డిస్క్ మన దగ్గర ఇంకో డ్రైవ్‌లా కనిపిస్తుంది. పట్టుమని పది ఎంబీ లేదు, సాయంత్రానికి దిగింది. ఆ ఫాక్స్‌ప్రో డీబీఎఫ్ ఫైళ్లను ఇవాళ్టికీ లిబ్రె ఆఫీస్ నేరుగా తెరుస్తుంది. డాస్‌లో రాసిన లెక్కలు బతికాయి గానీ, దానికి ఎన్నో ఏళ్ల తర్వాత తెలుగులో రాసిన మీ పుస్తకం అంత తేలిగ్గా తెరుచుకోదు. మీ అసలు కష్టం అక్కడుంది.

ఆ కాలపు డీటీపీ తెలుగు యూనికోడ్ (అన్ని సిస్టమ్‌లూ ఒకేలా గుర్తించే అక్షరాల సంకేతాలు) కాదు. తెలుగు అక్షరాలు యూనికోడ్‌లో 1991 నుంచే ఉన్నా, విండోస్‌లో వాటిని సరిగ్గా చూపించే ఏర్పాటు ఎక్స్‌పీతో వచ్చింది, డీటీపీ షాపులకు చేరడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. అను లాంటి తెలుగు టైపింగ్ ప్యాకేజీలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కల్ని కూర్చాయి: తలకట్టు ఒకచోట, కొమ్ము ఇంకోచోట, ఒత్తు మరోచోట. ఫైలు లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు, టోపీలూ చుక్కలూ పెట్టిన యూరప్ అక్షరాలు. వాటికి తెలుగు ముఖం తొడిగేది ఫాంటే. ఫాంటు లేని సిస్టమ్‌లో మీ నాన్నగారి పుస్తకం తెరిస్తే పేజీలు, బోర్డర్లు, ఫొటోల చట్రాలు అన్నీ ఉంటాయి, అక్షరాలు మాత్రం పిచ్చి గీతల్లా ఉంటాయి. చాలామంది ఇక్కడ ఫైలు పాడైందనుకుని వదిలేస్తారు. పాడవలేదు. ఫాంటు రాలేదు, అంతే. ఫాంట్స్ ఫోల్డర్ తప్పనిసరి అన్నది ఇందుకే.

పుస్తకాన్ని ఉన్నది ఉన్నట్టు మళ్లీ అచ్చు వేయించడమే మీ కోరికైతే అక్షరాలను మార్చే పని పెట్టుకోకండి. ల్యాప్‌టాప్‌లో వర్చువల్ మెషీన్ (సిస్టమ్ లోపల ఇంకో సిస్టమ్‌లా నడిచే ప్రోగ్రామ్) పెట్టి, అందులో పాత విండోస్, పేజ్‌మేకర్, ఆ ఫాంట్లు వేసి ఫైలు తెరవండి. ఫొటోలు కనపడకపోతే కంగారు పడకండి: పేజ్‌మేకర్‌లో పెద్ద ఫొటోలు సాధారణంగా ఫైలు లోపల ఉండవు, బయట ఎక్కడో ఉన్న ఫైలుకు లింకు మాత్రమే ఉంటుంది. పాత డ్రైవ్ అక్షరాలు, ఫోల్డర్ పేర్లు అలాగే ఉంచితే లింకులు వాటంతట అవే దొరుకుతాయి. తెరుచుకున్నాక ‘సేవ్ యాజ్’లో లింకు ఫైళ్లన్నీ కాపీ చేయమనే ఎంపిక ఉంటుంది, దాంతో ఒక ఫోల్డర్‌లో కట్టగట్టి పెట్టుకోండి.

అప్పుడు ఆ వర్చువల్ మెషీన్‌లోని విండోస్ 98లోనే ఒక పోస్ట్‌స్క్రిప్ట్ (పేజీని ప్రింటర్‌కు వివరించే భాష) ప్రింటర్‌ను, యాపిల్ లేజర్‌రైటర్ లాంటిదాన్ని, నిజంగా ప్రింటర్ లేకపోయినా ఇన్‌స్టాల్ చేయండి. పోర్టు అడిగినప్పుడు ‘ఫైల్’ అని ఎంచుకోండి. ఫాంట్ల సెట్టింగులో ప్రింటర్ ఫాంటుకు మార్చకుండా ట్రూటైప్ ఫాంట్లనే పంపమనండి. ప్రింట్ కొడితే కాగితానికి బదులు ఒక పోస్ట్‌స్క్రిప్ట్ ఫైలు వస్తుంది, ఫాంటు అందులోనే కూర్చుని ఉంటుంది. దాన్ని ల్యాప్‌టాప్‌లో గోస్ట్‌స్క్రిప్ట్ అనే ప్రోగ్రామ్‌తో పీడీఎఫ్ చేయండి. ఏ ఆఫ్‌సెట్ ప్రెస్‌కైనా ఇవ్వొచ్చు. మీ నాన్నగారు కూర్చిన లైను ఎక్కడ విరిగిందో అక్కడే విరుగుతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త: పేజ్‌మేకర్ ఎంచుకున్న ప్రింటర్‌ను బట్టి పేజీని మళ్లీ కూర్చుకోవచ్చు. అందుకని పాత అచ్చు ప్రతి ఒకటి పక్కన పెట్టుకుని పేజీ పేజీ సరిచూసుకోండి.

పుస్తకంలో కొత్త అధ్యాయాలు కలపాలన్నా, ఫోన్‌లో చదివేలా చేయాలన్నా అప్పుడు యూనికోడ్‌లోకి మార్చక తప్పదు. టెక్స్ట్ బయటికి తీసి కన్వర్టర్‌లో వేయండి. ఏ కంపెనీ ఫాంటు, ఏ వెర్షన్ అన్నది దానికి సరిగ్గా చెప్పాలి, తప్పు చెబితే కూడా ఏదో తెలుగులాంటిది వస్తుంది, అది ఇంకా ప్రమాదం. సరిగ్గా చెప్పినా ఒత్తులు, అంకెలు, కొటేషన్ గుర్తులు అక్కడక్కడా తప్పుతాయి. ఒక సీనియర్ తెలుగు టీచర్‌ను పట్టుకుని ప్రూఫు దిద్దించుకోండి. దీనికి దగ్గరి దారి లేదు.

కొన్ని పాత తెలుగు ప్యాకేజీలకు ప్రింటర్ పోర్టుకు తగిలించే అగ్గిపెట్టెంత లాక్ ఉండేది. సీపీయూ వెనక అలాంటిది కనిపిస్తే భద్రంగా పెట్టండి. అది లేకపోతే ఆ ప్యాకేజీ తెరుచుకోదు. ఫాంట్లు మాత్రం చాలావరకు విడిగా పనిచేస్తాయి, చదవడానికి, ప్రింటుకు అవి చాలు.

ఇక అట్టపెట్టె. యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ ఒకటి కొంటే మూడున్నర అంగుళాలవి చదువుతుంది. వాటిలో ఐదుంపావు అంగుళాల మెత్తటి పెద్ద ఫ్లాపీలుంటే ఈ డ్రైవ్ పనికిరాదు, పక్కన పెట్టండి. ఒక్కో ఫ్లాపీ ఇనుప తలుపు పక్కకు జరిపి వెలుతురులో చూడండి. గోధుమరంగు డిస్క్ మీద తెల్లటి మచ్చలు, నూగులాంటిది కనిపిస్తే బూజు పట్టింది. దాన్ని డ్రైవ్‌లో పెట్టారంటే బూజు హెడ్‌కు అంటుకుని తర్వాతి ఫ్లాపీలన్నీ గీసుకుపోతాయి. బాగున్నవాటితో మొదలుపెట్టండి, రైట్ ప్రొటెక్ట్ గడియ తెరిచి పెట్టి, ఒక్కోదానికి ఇమేజ్ తీసుకుంటూ పొండి. కొత్త డ్రైవ్‌లో చదవనివాటిని పారేయకండి. నా పంతొమ్మిదో ఫ్లాపీ సంగతే ఇక్కడ కూడా: అవి మీ నాన్నగారి డ్రైవ్‌లో రాసినవి కాబట్టి ఆ డ్రైవ్‌లోనే చదవొచ్చు. ఆ పాత డబ్బాను పడేయొద్దన్నది అందుకే. డిస్క్ కాపీ పూర్తయ్యాక, వేరే మంచి ఎస్ఎంపీఎస్ పెట్టి దాన్ని ఫ్లాపీల కోసం ఆన్ చేద్దాం.

డిస్క్ విప్పాక దాని లేబుల్, వెనక జంపర్ కనిపించేలా ఒక ఫొటో ఇక్కడ పెట్టండి. జంపర్ ఎక్కడుండాలో చూసి చెబుతాను, పవర్ ఆ తర్వాతే ఇవ్వండి.